చెత్త మిగలని విందు: అడవి నుంచి చందానగర్ దాకా

చందానగర్, లింగంపల్లి, మియాపూర్, హఫీజ్‌పేట ప్రాంతాల్లో ఉంటూ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఈ వ్యాసం.

'జీరో వేస్ట్ పార్టీ' అనే మాట ఈ మధ్య మీకు తరచుగా వినిపిస్తూ ఉంటుంది. 2013లో బియా జాన్సన్ రాసిన 'జీరో వేస్ట్ హోమ్' పుస్తకం తర్వాత ఆ ఆలోచన చాలా దేశాలకు పాకింది. అక్కర్లేనిది వద్దనడం, ఉన్నది తగ్గించుకోవడం, మళ్లీ మళ్లీ వాడడం, రీసైకిల్‌కు పంపడం, మిగిలింది మట్టిలో కలపడం అని ఆమె ఐదు మెట్లు చెప్పారు. మంచి మాటలే. అయితే వీటిని విన్నప్పుడు మన పిల్లలు ఇదంతా బయటి దేశాల నుంచి వచ్చిన కొత్త చదువు అనుకుంటున్నారు. ఆకులో తినడం వెనుకబాటుతనమనీ, థర్మోకోల్ పళ్లెంలో పెట్టడమే మర్యాద అనీ ఒక తరం పాటు నమ్మిన ఇళ్లలోనే వాళ్లు పెరిగారు మరి.

మన తాతముత్తాతల విందుల్లో ఈ ఐదు మెట్లూ ఉన్నాయి. పర్యావరణం అనే పేరు పెట్టి వాళ్లు అలా చేయలేదు. కొనడానికి చేతిలో డబ్బు లేకపోవడం కూడా అందుకు ఒక కారణమే, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ పేదరికం ఒక్కటే కారణమైతే, నాలుగు డబ్బులు చేతికి రాగానే ఆ పద్ధతులన్నీ పోయి ఉండాలి. అలా పోలేదు. ఆ విందు మూడింటి మీద నిలబడింది. మొదటిది, అడవి ఆకు మీద హక్కు. రెండోది, ఊరందరికీ ఉమ్మడిగా ఉన్న సామాను. మూడోది, అందరూ కలిసి చేసే పని. ఈ మూడూ ఒక్కొక్కటిగా మన చేతుల్లోంచి ఎలా జారిపోయాయో తెలిస్తేనే, ఇవాళ చందానగర్ ఫ్లాట్‌లో వాటిలో దేన్ని తిరిగి తెచ్చుకోగలమో తెలుస్తుంది.

ఆకు

తూర్పు కనుమల్లో, శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా, చెట్లను అల్లుకుని పెరిగే పెద్ద తీగ ఒకటి ఉంది. అదే అడ్డతీగ. శాస్త్రవేత్తలు దాన్ని బౌహినియా వాలీ అంటారు. ఆకు ఒంటె గిట్టలా రెండు పాయలుగా, వెడల్పుగా ఉంటుంది. కొన్ని ఆకులు కలిపి సన్నని పుల్లలతో కుడితే విస్తరి తయారు. తెలంగాణ అడవుల్లో ఈ పని మోదుగాకు చేస్తుంది. ఆకులు కోసి, నీడలో ఆరబెట్టి, బరువు కింద అణచి, పుల్లలతో గుండ్రంగా కుడతారు. పులుసుకూ పాయసానికీ అదే ఆకుతో డొప్పలు కుడతారు. వడ్డించే ముందు నాలుగు నీళ్ల చుక్కలు చల్లితే ఎండిన ఆకు మళ్లీ మెత్తబడుతుంది. తిన్న తర్వాత ఆకు పశువు ముందుకో, పెంటకుప్పలోకో పోతుంది. వచ్చే వానాకాలానికి అదే పొలానికి ఎరువు. కడిగే పని లేదు, పారేసే చోటు వెతుక్కునే పని అంతకన్నా లేదు.

ఇది చిన్న పని అనుకోకండి. పెళ్లి కుదిరిందంటే ఆ ఇంట్లో వారాల ముందు నుంచే ఆకు కుట్టడం మొదలయ్యేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ వందల విస్తళ్లు కుట్టేవాళ్లు. విందులో చెత్త లేకపోవడం వెనక వాళ్ల వేళ్లు పడిన శ్రమ ఉంది. దాన్ని మరిచిపోయి 'ప్రకృతి ఒడిలో మన పూర్వీకులు' అని పాడుకుంటే సగం చరిత్రే చెప్పినట్టు.

కుండ, బుర్ర, బుట్ట

విందులో నీళ్లకు, అంబలికి సొరకాయ బుర్ర ఉండేది. విశాఖ మన్యంలో దాన్నే ఆనపకాయ బుర్ర అంటారు. ముదిరిన కాయను ఎండబెట్టి, లోపలి గుజ్జు, గింజలు తీసేస్తే ఏళ్ల తరబడి పనికొచ్చే సీసా అవుతుంది. పగిలితే మట్టిలో కలుస్తుంది. తీసిన గింజలు మళ్లీ పాదులోకి వెళతాయి. పదార్థాలు మోయడానికీ, వడ్డించడానికీ ఎరుకల వాళ్లు వెదురుతోనూ ఈత బరిగెలతోనూ అల్లిన బుట్టలు, తట్టలు, చేటలు ఉండేవి. తెలుగు నేలమీద ఎన్నో పెళ్లిళ్లలో ఎరుకల బుట్ట ఉండేది. మన సంఘంలో ఉన్న ఎరుకల పిల్లలు గర్వంగా చెప్పుకోవాల్సిన మాట ఇది.

లంబాడీల సంగతి చూడండి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన బిడారు జీవితం వాళ్లది. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బతీసేదాకా అదే బతుకు. ఎద్దు మోయగలిగినదే ఇంటి సామాను. అందుకే ఏ వస్తువూ ఒక్కసారి వాడి పారేసేది కాదు. పాత బట్ట ముక్కల మీద అద్దాలు, గవ్వలు కుట్టి కొత్త బట్ట చేసుకున్నారు. తీజ్ పండుగనే చూడండి. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాటలు పాడి, మొలకలను పెంచుతారు. చివరి రోజు వాటిని నీళ్లలో కలుపుతారు. అలంకరణ, పూజ, ఆట, పాట అన్నీ ఆ బుట్ట చుట్టూనే నడుస్తాయి. పండుగ అయ్యాక ఊడ్చి పారేయాల్సింది ఏమీ మిగలదు.

ఇక కేస్లాపూర్ నాగోబా జాతర. అక్కడికి మెస్రం వంశం వాళ్లు ఎన్ని కుటుంబాలుగా వచ్చినా వంట 22 పొయ్యిల మీదే, వంతులవారీగా జరుగుతుంది. ఎవరి పొయ్యి వాళ్లు వేరుగా పెట్టుకోరు. ఒకరి వంట అయ్యాక ఇంకొకరు అదే పొయ్యి అందుకుంటారు. పూజకు కావాల్సిన కుండలు సిరికొండ కుమ్మరులు చేసి ఇస్తారు. గోదావరి నీళ్లను కాలినడకన ఝరిలో తెస్తారు. అందరికీ సరిపడా ఉన్నదాన్ని వంతులు వేసుకుని వాడుకోవడం అక్కడ ఆచారంలోనే ఉంది.

దీపావళి ముందు గోండు గూడేల్లో జరిగే దండారిలో ఒక ఊరి బృందం ఇంకో ఊరికి అతిథిగా వెళుతుంది. ఆతిథ్యం ఇచ్చిన ఊరు తర్వాత వీళ్ల ఊరికి వస్తుంది. గుస్సాడీలు తలమీద పెట్టుకునే నెమలి ఈకల టోపీ అందరూ చూసే ఉంటారు. పండుగ అయ్యాక దాన్ని పారేయరు. భక్తితో భద్రపరిచి మళ్లీ ఏడాది బయటికి తీస్తారు. ఇవాళ ఒక్క పుట్టినరోజు కోసం గోడకు రంగురంగుల ప్లాస్టిక్ తోరణాలు అంటించి మర్నాడు చింపేసే మనకు ఆ టోపీ ఒక పాఠం.

కల్లు కుండ మీద పన్ను

మన విందు మీద మొదటి పెద్ద దెబ్బ మార్కెట్ నుంచి రాలేదు, చట్టం నుంచి వచ్చింది. రంప ప్రాంతంలో జీలుగు చెట్టు, తాటి చెట్టు కల్లు తీసుకుని తాగడం ఇంటి వ్యవహారంగా ఉండేది. పండుగకైనా పెళ్లికైనా కల్లు కుండ ఉండాల్సిందే. మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు పెట్టింది. సొంత అవసరానికి కల్లు గీసుకోవడానికి కూడా వీల్లేకుండా చేసి, ఆ హక్కును కాంట్రాక్టర్ల చేతికిచ్చింది. రంప మన్సబ్‌దారు వసూలు చేసే 'చిగురు పన్ను' అప్పటికే నెత్తిమీద ఉంది. 1879లో కొండలు తిరగబడ్డాయి. ముఠాదార్లు ముందు నిలిచారు. ఆ తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం పెద్ద ఎత్తున బలగాలను దింపాల్సి వచ్చింది.

ఈ సంగతి చదివి కొందరు 'తాగుడు కోసం తిరగబడ్డారు' అని తేలిక చేస్తారు. తాగుడు వల్ల మన గూడేలు, తండాలు ఎంత నష్టపోయాయో మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 1879లో లేచిన ప్రశ్న వేరే. ఇంటి పెరట్లోని చెట్టు నుంచి, ఇంటి కుండలోకి, ఇంటి అతిథి కోసం తీసుకునేదాన్ని కాంట్రాక్టరు దగ్గర కొనుక్కోవాలా అన్నది ఆ ప్రశ్న. విందు సామాను కొనుక్కునే సరుకుగా మారడం అక్కడ మొదలైంది.

రెండో దెబ్బ అడవి హద్దుల రూపంలో వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవులను రిజర్వు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. పోడు మీద ఆంక్షలు, ఆకు కోసినా కట్టె కొట్టినా అధికారుల వేధింపులు మొదలయ్యాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం వీరులు కదలడానికి ఉన్న కారణాల్లో ఇవి ముఖ్యమైనవి. ఆ ఏడాది ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లు, అక్టోబరులో అడ్డతీగల స్టేషన్ వాళ్ల దాడికి గురయ్యాయి. అడ్డతీగల పేరు ఒక్కసారి పలికి చూడండి. విస్తరాకు ఇచ్చే తీగ ఆ ఊరి పేరులోనే ఉంది. అటు నిజాం రాజ్యంలో రిజర్వు అడవుల హద్దులు గోండు, కొలాం గూడేలను ఊపిరాడనివ్వని రోజుల్లో కొమరం భీం జల్, జంగల్, జమీన్ అని నినదించి 1940లో జోడెఘాట్‌లో నేలకొరిగారు. జంగల్ అన్న మాటలో చెట్టు, పుట్ట, పోడుతో పాటు విస్తరాకు, వెదురు, ఇప్పపువ్వు కూడా ఉన్నాయి.

స్వతంత్రం వచ్చాక 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. దళారుల తూకాల మోసం నుంచి, అప్పుల ఉచ్చు నుంచి కాపాడి, అడవి ఫలసాయాన్ని కొనడం, నిత్యావసరాలను అమ్మడం దాని పని. అయినా ఆకు మీద హక్కు మాత్రం కాగితం మీదికి రావడానికి ఇంకో 40 ఏళ్లు పట్టింది. 1996 పెసా చట్టం ఐదో షెడ్యూల్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం వాటిని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కును గుర్తించింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పెసా చట్టం 4వ సెక్షన్‌లో 'ఎం' అనే భాగం ఉంది. అందులో మొదటి అంశం మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారం. దాని వెంటనే ఉన్న రెండో అంశం అటవీ ఉత్పత్తుల యాజమాన్యం. 1879లో కల్లు కుండ, 1922లో అడవి హద్దు. రెండు తిరుగుబాట్లకూ కారణమైన రెండు విషయాలు 1996లో ఒకే సెక్షన్‌లో పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి. విస్తరాకు మీకు చిన్న వస్తువుగా కనిపించినప్పుడల్లా ఈ మూడు సంవత్సరాలు గుర్తుచేసుకోండి.

చందానగర్‌కు వచ్చిన తోవ

ఇప్పుడు మనం ఉంటున్న చోటు కథ. పాత ముంబై హైవే మీది ఊరు చందానగర్. పక్కన రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ రావడంతో 1960ల నుంచి ఈ దారి మొత్తం కార్మికుల కాలనీలతో నిండుతూ వచ్చింది. 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మన ఇళ్లలో మొదటి తరం పీజీలు, పీహెచ్‌డీలు చాలామంది ఆ గేటు దాటినవాళ్లే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003లో ఎంఎంటీఎస్ రైలు వచ్చింది. లింగంపల్లిలో ఎక్కితే చందానగర్, హఫీజ్‌పేట దాటగానే హైటెక్ సిటీ స్టేషన్. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లితో కలిపి 12 మున్సిపాలిటీలు హైదరాబాద్‌లో విలీనమై జీహెచ్ఎంసీ ఏర్పడింది. 2017 నవంబరులో మియాపూర్ దాకా మెట్రో వచ్చింది.

ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, దేవరకొండ, పాడేరు వైపుల నుంచి మనవాళ్లు ఈ దారిలోనే వచ్చి స్థిరపడ్డారు. గూడెంలో విందుకు నిలబడిన మూడు కాళ్లూ ఇక్కడ లేవు. ఆకు కోసుకునే అడవి లేదు. ఉమ్మడి గిన్నెలు పెట్టుకునే చోటు లేదు. కూర్చుని ఆకు కుట్టే పొరుగువాళ్లు లేరు, ఉన్నా వాళ్లకు షిఫ్టులు. ఆ ఖాళీని నింపడానికి వచ్చింది థర్మోకోల్ పళ్లెం, ప్లాస్టిక్ గ్లాసు. అది చవక, తేలిక. 'మేమూ పట్నం వాళ్లమే' అని చెప్పే గుర్తు కూడా. మనలో చాలామంది పార్టీకి ఆకు పెట్టడానికి ఎందుకు జంకారంటే, ఆకు పెడితే 'అడవి నుంచి వచ్చారు' అని ఎవరైనా అంటారేమోనని. ఆ జంకు వల్ల పోయింది పళ్లెం ఒక్కటే కాదు. ఊళ్లో ఆకు కుట్టే పెద్దమ్మకు ఉన్న గిరాకీ కూడా పోయింది.

వింత ఏమిటంటే, మనం జంకుతున్న రోజుల్లోనే జర్మనీలో ఒక చిన్న కంపెనీ ఆకులను కుట్టి, ఒత్తి, పళ్లేలుగా మంచి ధరకు అమ్మడం మొదలుపెట్టింది. అది చూసి మన దేశంలో చాలామంది నవ్వుకున్నారు.

2022 జాబితా

2022 జులై 1 నుంచి దేశమంతటా కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం అమల్లోకి వచ్చింది. ఆ జాబితా చదివితే అచ్చం పుట్టినరోజు పార్టీ సామాను చీటీలా ఉంటుంది. ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, స్పూన్లు, ఫోర్కులు, కత్తులు, స్ట్రాలు, ట్రేలు. బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకు వాడే థర్మోకోల్. స్వీటు డబ్బాలకు, ఆహ్వాన పత్రికలకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ కాగితం. 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు. ప్లాస్టిక్ చెత్తలో పార్టీల వాటా ఎంత పెద్దదో ప్రభుత్వానికి తెలిసే ఆ జాబితా తయారైందనిపిస్తుంది.

నిషేధం వచ్చినా వస్తువులు రూపం మార్చుకుని వస్తున్నాయి. పేపర్ గ్లాసు అంటాం, దాని లోపలి వైపు పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. విస్తరాకు అని అమ్మేవాటిలో కూడా కొన్నింటికి అడుగున అట్టో, ప్లాస్టిక్ కాగితమో అతికించి యంత్రంతో ఒత్తుతారు. పైన ఆకు, కింద ప్లాస్టిక్. అది పశువు తినకూడదు, ఎరువు కాదు, రీసైకిల్ కూడా కాదు. కొనేముందు తిప్పి చూడండి, అంచు దగ్గర గోరుతో గీరి చూడండి. పుల్లలతో కుట్టిన ఆకు అయితే అనుమానమే అక్కర్లేదు.

మన ఫ్లాట్‌లో విందు ఇలా

ఈ చరిత్రనుంచి ఇవాళ్టి ఇంటికి ఏం తెచ్చుకోవచ్చు? 30 మంది వచ్చే పుట్టినరోజో, గృహప్రవేశమో, సేవాలాల్ జయంతి భోజనమో ఉందనుకుందాం.

పళ్లేలు: రెండు దారులు. ఒకటి స్టీలు, రెండు ఆకు. స్టీలు పళ్లేలు, గ్లాసులు మన కాలనీల్లో టెంట్ హౌస్ వాళ్ల దగ్గర అద్దెకు దొరుకుతాయి. అయితే 30 మంది పళ్లేలు, గిన్నెలు కడగడానికి నీళ్లు కావాలి. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్‌లో అది చిన్న విషయం కాదు. హైదరాబాద్‌కు వచ్చే గోదావరి నీళ్లు అంత దూరంలోని ఎల్లంపల్లి నుంచి పైపుల్లో ప్రయాణం చేసి వస్తాయి. అందుకే నీళ్లున్న కాలంలో స్టీలు, నీటి కటకట ఉన్న కాలంలో ఆకు అని లెక్క పెట్టుకోండి. గ్లాసులు మాత్రం ఎప్పుడైనా స్టీలువే మేలు. వాటిని కడగడానికి నీళ్లు ఎక్కువ పట్టవు.

నీళ్లు: చిన్న సీసాలు పెట్టెల కొద్దీ తెప్పించవద్దు. రెండు మట్టి కుండలో, ఒక పెద్ద క్యానో పెట్టి గ్లాసులు పక్కన ఉంచండి. సగం తాగి వదిలేసిన సీసాలే పార్టీ తర్వాత ఎక్కువగా కనిపించే చెత్త.

వంట: మిగిలిన అన్నమే అన్నింటికంటే పెద్ద వృథా. అన్నం వడ్డించే భోజనానికి మనిషికి 100 నుంచి 125 గ్రాముల బియ్యం సరిపోతుంది. అంటే 30 మందికి మూడు నుంచి నాలుగు కిలోలు. పిల్లలు ఎక్కువగా ఉంటే ఇంకా తగ్గించండి. రెండు రోజుల ముందు ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో గట్టిగా అడగండి. మొహమాటం వద్దు. మిగిలితే తీసుకెళ్లడానికి డబ్బా తెచ్చుకోమని ముందే చెప్పండి. వంటల్లో జొన్న రొట్టె, సామల అన్నం, రాగి అంబలి, ఉట్నూరులో మన ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డు లాంటివి ఒకటో రెండో పెడితే వచ్చినవాళ్లు వాటి గురించి అడుగుతారు. మీకు చెప్పడానికి ఒక చరిత్ర ఉంటుంది.

అలంకరణ: థర్మోకోల్ అక్షరాలు, ఫ్లెక్సీ బదులు అమ్మమ్మ పెట్టెలోని అద్దాల దుప్పటి గోడకు కట్టండి. మామిడాకులు, బంతిపూల దండలు చాలు. ఆ దుప్పటిని మళ్లీ మడిచి పెట్టెలో పెట్టడం మరవకండి. మళ్లీ ఏడాదికి అదే తోరణం.

చెత్త: హాల్లో రెండు బుట్టలు పెట్టండి. ఒకటి తడి చెత్తకు, ఒకటి పొడి చెత్తకు. 2015 నుంచి నగరంలో ఆకుపచ్చ, నీలం డబ్బాలు ఇచ్చి చెబుతున్నదీ ఇదే. తిన్న ఆకులు, పూలు, తొక్కలు తడి డబ్బాలోకి. కంపోస్టు డబ్బా ఉన్న ఇల్లయితే ఆకులను చింపి, కొంచెం ఎండుటాకుతో కలిపి అందులో వేయండి. విడదీయకుండా అన్నీ ఒకే కవర్లో కట్టి పంపితే అన్నం, ప్లాస్టిక్ కలిసి కంపు కొట్టే ముద్దగా జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరతాయి. అక్కడ చుట్టుపక్కల ఉండే పేదలు ఆ కంపుతో బతుకుతున్నారు. మన విందు భారం వాళ్ల మీద పడకూడదు.

పని: ఇది అన్నింటికంటే ముఖ్యం. డిస్పోజబుల్ సామాను మన ఇళ్లలోకి రావడానికి ఒక అసలు కారణం ఉంది. పార్టీ అయ్యాక గిన్నెలన్నీ ఒక్క ఇంటి ఇల్లాలే తోముకోవాల్సి రావడం. ఆమెకు థర్మోకోల్ పళ్లెం విశ్రాంతిగా కనిపించింది. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. స్టీలు పళ్లేలు తిరిగి రావాలంటే మగపిల్లలు సింక్ దగ్గర నిలబడాలి. కేస్లాపూర్ పొయ్యిల్లాగా వంతులు వేసుకోండి. వండినవాళ్లు కడగరు, కడిగినవాళ్లు ఊడ్వరు. అతిథులు కూడా ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కుంటే అందులో చిన్నతనం లేదు. మన గూడెంలో అతిథి కూడా పనిలో చెయ్యి వేస్తాడు.

ఆకు కుట్టిన చేతికి ఎంత?

ఇక్కడ ఆగితే మన కథ కూడా మామూలు ఎకో ఫ్రెండ్లీ సలహాల్లో ఒకటిగా మిగులుతుంది. ఇవాళ నగరంలో 'ఎకో' ముద్ర వేసి ఆకు పళ్లేలు బాగానే అమ్ముతున్నారు. పెద్ద పెద్ద పెళ్లిళ్లలో వాటిని గొప్పగా పెడుతున్నారు. ఆ ధరలో అడవిలో ఆకు కోసి, ఆరబెట్టి, కుట్టిన మహిళకు చేరేది ఎంత అన్నది అడిగేవాళ్లు తక్కువ. హక్కు చట్టంలో ఉన్నా, సంతలో బేరం ఆమె చేతిలో లేకపోతే ఆకు మళ్లీ కాంట్రాక్టరు సరుకే అవుతుంది. 1879 నాటి కల్లు కుండ కథే ఇంకో రూపంలో నడుస్తుంది.

మనకు ఆ దూరం లేదు. ఊళ్లో ఆకు కుట్టే అత్తో, పెద్దమ్మో మనలో చాలామందికి ఉన్నారు. పండుగకు ఊరు వెళ్లినప్పుడు రెండు కట్టలు కొని తెచ్చుకోండి. బేరం ఆడకండి. వీలుకాకపోతే ఆర్టీసీ కార్గోలో వేయించుకోండి. ఎండుటాకు బరువు తక్కువ, తడి తగలకుండా ఉంచితే నెలల తరబడి నిల్వ ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఇంకొకరు అడిగితే వాళ్లకూ తెప్పించి పెట్టండి. ఒక్క కాలనీలో పది ఇళ్లు అలా మొదలుపెడితే ఒక గూడెంలో నలుగురు ఆడవాళ్లకు ఎండాకాలం పని దొరుకుతుంది.

చివరగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. సిద్దిపేట జిల్లాలో మహిళా సంఘాలు స్టీలు బ్యాంకులు నడుపుతున్నాయి. శుభకార్యాలకు పళ్లేలు, గ్లాసులు తక్కువ అద్దెకు ఇచ్చి, తిరిగి తీసుకుని, వచ్చిన డబ్బును సంఘంలో వేస్తున్నాయి. చందానగర్ చుట్టుపక్కల ఉన్న మన కుటుంబాలకు కూడా అలాంటి ఒక పెట్టె ఉండవచ్చు. 50 పళ్లేలు, 50 గ్లాసులు, నాలుగు పెద్ద గిన్నెలు, రెండు గరిటెలు, వడ్డించే బుట్టలు కొన్ని. ఎవరో ఒకరి ఇంటి అటక మీద ఉంచి, ఒక నోటుబుక్కులో ఎవరు తీసుకెళ్లారో రాసుకుంటే చాలు. తీసుకున్నవాళ్లు కడిగి, లెక్క చూసి తిరిగి ఇవ్వాలి. అద్దె పెట్టాలా వద్దా, ఒక్క గ్లాసు పోతే ఎంత కట్టాలి, అటక ఎవరిది అన్నవి వచ్చే సమావేశంలో మీ యువతే తేల్చండి. ఊళ్లో ఉమ్మడి గిన్నెలు ఉన్నప్పుడు మన పెద్దలు తేల్చుకున్న ప్రశ్నలు కూడా ఇవే.